రెండు టికెట్లు... ఒక్కటే ప్రయాణం!

గోదావరి జిల్లాలోని ఓ ఊరి నుంచి కాశీకి బయల్దేరారు రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య. నేరుగా బండి లేదు. అందుకని విజయవాడ దాకా ఒక టికెట్, అక్కణ్నుంచి కాశీకి మరో టికెట్ తీసుకున్నారు. మధ్యలో రెండు గంటల వ్యవధి. 'చాల్లే' అనుకున్నారు. తీరా మొదటి బండి రెండున్నర గంటలు ఆలస్యం. సామాన్లు మోసుకుంటూ ప్లాట్‌ఫామ్ మీదికి పరుగెత్తేసరికి కాశీ బండి వెళ్లిపోయింది. డబ్బయినా వెనక్కి వస్తుందేమోనని కౌంటర్లో అడిగితే, 'బండి వెళ్లిపోయాక ఏమీ రాదండీ' అన్నారు.

నిజానికి ఆ డబ్బు పోవాల్సిన పనిలేదు. టికెట్లు తీసుకునేటప్పుడే రెండింటినీ కలిపి ఉంటే సరిపోయేది. 2019 ఏప్రిల్ 1 నుంచి రైల్వే ఈ వీలు కల్పించింది. రెండు టికెట్ల పీఎన్‌ఆర్ నంబర్లను జతచేస్తే, రికార్డుల్లో అవి ఒకే ప్రయాణం కింద లెక్క. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది అందకపోతే, ప్రయాణించని రెండో టికెట్ డబ్బును రద్దు ఛార్జీలు పట్టుకోకుండా తిరిగిస్తారు. జతచేయకపోతే మాత్రం అవి ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు టికెట్లే!

కొన్ని షరతులున్నాయి. రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరం రాయించడం లాంటివి వద్దు. మొదటి బండి దిగే స్టేషన్లోనే రెండోది ఎక్కేలా చూసుకోవడం మేలు. సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడలో ఎక్కాలంటే మధ్యలో ఊరి ట్రాఫిక్ కూడా దాటాలి మరి.

ఇక గడియారం. మొదటి బండి నిజంగా ఎప్పుడొచ్చిందో అప్పట్నుంచి మూడు గంటల్లోపు అడగాలి. కౌంటర్ టికెట్ అయితే ఆ జంక్షన్లోనే తిరిగిచ్చేయాలి. ఆన్‌లైన్ టికెట్ అయితే టీడీఆర్ దాఖలు చేయాలి. ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది.

టికెట్లు కలిపినంత మాత్రాన ఛార్జీ తగ్గదు. మన దగ్గర దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది. ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తే ఆ లాభం పోతుంది. రిజర్వేషన్ ఛార్జీ కూడా రెండుసార్లు పడుతుంది. కాబట్టి నేరుగా బండి ఉంటే అదే మేలు. బ్రిటన్‌లో దీనికి రివర్సు. అక్కడ చాలా దారుల్లో ఒక్క టికెట్ కన్నా ముక్కలుగా కొన్నవే చవక. టికెట్ మారే స్టేషన్లో బండి ఆగితే చాలు, దిగాల్సిన పనికూడా లేదు.

మాస్టారు దంపతులు ఆ రాత్రి వెయిటింగ్ హాల్లో గడిపి, మర్నాడు మళ్లీ డబ్బు పెట్టి కాశీ చేరారు. తిరుగు ప్రయాణం టికెట్లు తీస్తున్నప్పుడు ఆయన కౌంటర్లో చెప్పిన మొదటి మాట... 'ఈ రెండూ కలపండి బాబూ!' అంతేకాదు, ఈసారి బండికీ బండికీ మధ్య ఐదు గంటల వ్యవధి ఉంచుకున్నారు. డబ్బు తిరిగి రావడం మంచిదే గానీ, బండి అందడం అంతకన్నా మంచిది కదా!