జక్రాన్‌పల్లి: ముందు నివేదిక, ఆ తర్వాతే నేల

నిజామాబాద్ జిల్లాకు విమానాశ్రయం అవసరమా కాదా అని తేల్చగల కాగితం ప్రభుత్వం దగ్గర ఉంది. మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్, పాల్వంచ, మహబూబ్‌నగర్‌లతో పాటు మన జిల్లాలోని జక్రాన్‌పల్లిలోనూ సాధ్యాసాధ్యాలను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరిశీలించి, రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక పూర్తి పాఠాన్ని తెలుగులో జక్రాన్‌పల్లి గ్రామసభ ముందు పెట్టాలి. అది జరిగేదాకా అక్కడ ఒక్క సర్వే రాయి కూడా పాతకూడదు. ఇది మా స్పష్టమైన అభిప్రాయం.

ఆరు ఊళ్ల పేర్లూ ఒక్కసారే వినిపించినా ఆరింటి దారీ ఒకటి కాలేదు. మామునూరుకు కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అదనంగా కావలసిన 253 ఎకరాల కోసం రాష్ట్రం 205 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆదిలాబాద్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్‌ను పౌర విమానాలకూ వాడుకోవడానికి వైమానిక దళం ఒప్పుకుంది. పాల్వంచ పక్కన కొత్తగూడెం వైపు చూసిన స్థలం పనికిరాదని తేలింది. జక్రాన్‌పల్లి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. ఎన్నికలొస్తే పేరు వినిపిస్తుంది, ఓట్లు పడ్డాక ఫైలు మూలకు చేరుతుంది.

దీనికి నాయకులు చెప్పే సాకు ఒకటుంది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం, దానికి 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లదాకా మరో విమానాశ్రయం రాకూడదన్నది ఆ సాకు. నిబంధన ఉన్నమాట నిజమే. కానీ అది రోడ్డు మీద కొలిచే దూరం కాదు, ఆకాశమార్గాన తిన్నగా కొలిచేది. పటం మీద కొలిచి చూడండి, జక్రాన్‌పల్లి ఆ 150 దాటి అవతలే ఉంటుంది. అంతకంటే దగ్గరున్న మామునూరుకే శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పింది. కాబట్టి ఒప్పందాన్ని అడ్డుపెట్టుకుని ఇంకా కాలం గడపడం కుదరదు.

అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఇక్కడ దిగిన విమానంలో ఎక్కేది ఎవరు?

నిజాం కాలంలో విమానం ఎక్కడికి వచ్చిందో గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. మామునూరు మైదానం 1930లో వచ్చింది. వరంగల్ ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు ఆ కాలపు పరిశ్రమలే. తర్వాతి కాలంలో వచ్చిన బసంత్‌నగర్ రన్‌వే కూడా సిమెంటు ఫ్యాక్టరీ పుణ్యమే. ఫ్యాక్టరీ ఉన్నచోట పనిమీద వచ్చిపోయేవాళ్లుంటారు, వాళ్లకోసం విమానం దిగుతుంది. మామునూరులో 1981 తర్వాత ఆ రాకపోకలు ఆగాయి. నలభై ఏళ్లకు పైగా ఆ రన్‌వే గడ్డి మొలిచి ఉండిపోయింది.

మన జిల్లాలో ఆ స్థాయి పరిశ్రమ బోధన్‌లో ఉండేది. నిజాంసాగర్ నీళ్లు పారిన నేల మీద 1937లో పుట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని పేరు తెచ్చుకుంది. శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ వెలిసింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు వచ్చింది, ఫ్యాక్టరీకి సొంత చెరకు తోటలుండేవి. 2002లో సగానికి పైగా వాటాతో యాజమాన్యాన్ని ప్రైవేటు చేతికిచ్చారు. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు గేటుకు వేలాడింది. బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడు యూనిట్లూ ఆగిపోయాయి. చెరకు వేసిన రైతు వరికి, సోయాకు మళ్లాడు. ఫ్యాక్టరీ తెరిపిస్తామని అప్పటినుంచి హామీ ఇవ్వని పార్టీ లేదు. అలాంటి ప్రాంతానికి వచ్చి విమానాశ్రయం తెస్తామంటే జనం నమ్మకపోవడంలో వింతేముంది?

పసుపు ఎగుమతి కోసం విమానాశ్రయం కావాలని కొందరంటారు. పసుపు పంట మన జిల్లాకు గర్వకారణం. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది కూడా. అయినా ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, పాలిష్ పట్టి బస్తాలకెత్తిన పసుపు కొమ్ము విమానమెక్కాల్సిన సరుకు కాదు. అది రెండు రోజుల్లో పాడైపోదు, బరువుకు తగ్గ విమాన కిరాయి భరించే ధరా దానికి లేదు. అది లారీలో, రైల్లో, ఓడలో పోతుంది. పసుపు రైతుకు కావలసింది గిడ్డంగులు, ప్రాసెసింగ్ యూనిట్లు, నాణ్యత పరీక్షించే ల్యాబు. ఎర్రజొన్న విత్తనానికీ ఇదే మాట వర్తిస్తుంది.

గల్ఫ్ వలస సంగతి ఇంకా బాధాకరం. ఆర్మూర్, బాల్కొండ, బోధన్ ఊళ్ల నుంచి దుబాయ్, మస్కట్, కువైట్ పోయేవాళ్లు రాత్రికి రాత్రి జీపు మాట్లాడుకుని శంషాబాద్ పోతారు. తాడుతో బిగించిన అట్టపెట్టె మీద మార్కరుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. తల్లి, భార్య, పిల్లలు గాజు తలుపు బయటే నిలబడిపోతారు. అక్కడ చనిపోయినవాళ్ల శవపేటికలు వచ్చేదీ శంషాబాద్‌కే, అక్కడినుంచి ఊరిదాకా అంబులెన్సులోనే. జక్రాన్‌పల్లిలో విమానం దిగితే ఈ తిప్పలన్నీ తీరుతాయని వాళ్లకు ఆశ పెట్టినవాళ్లు నిజం దాచారు. చిన్న విమానాశ్రయంలో మొదట దిగేది ఏటీఆర్ లాంటి చిన్న విమానం. అది ఆగకుండా పోగలిగేది సుమారు 1,500 కిలోమీటర్లు, దుబాయ్ ఇక్కడికి దాదాపు 2,500 కిలోమీటర్లు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఏర్పాట్లు వేరే ఉండాలి. అంటే జక్రాన్‌పల్లిలో రన్‌వే వేసినా గల్ఫ్ కార్మికుడు శంషాబాద్ పోక తప్పదు. వాళ్ల మీద నిజంగా ప్రేమ ఉంటే మోర్తాడ్, ఆర్మూర్, బోధన్‌ల నుంచి నేరుగా విమానాశ్రయం గుమ్మం దాకా రాత్రి బస్సులు నడపండి. దానికి ఎకరం భూమి కూడా అక్కర్లేదు.

అలాగని విమానాశ్రయమే వద్దనడం లేదు. ముంబైకో, బెంగళూరుకో, తిరుపతికో రోజూ ఒక సర్వీసు నిలబడేంత రద్దీ ఉందని నివేదిక అంకెలతో చూపిస్తే, ఈ పత్రిక దానికి మద్దతిస్తుంది. కానీ ఆ అంకె కావాలి. ఎందుకు కావాలో పొరుగునున్న నాందేడ్ చెబుతుంది. చిన్న పట్టణాల విమాన సర్వీసులకు రాయితీ ఇచ్చే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న విమానాలు మొదలైన రోజునే హైదరాబాద్–నాందేడ్ సర్వీసుకు ప్రధాని జెండా ఊపారు. ఆ విమానాలు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. వేరే సంస్థ రావడానికి 2024 దాకా పట్టింది. నిజామాబాద్‌కు నాందేడ్ నూటపది కిలోమీటర్లు కూడా ఉంటుందో లేదో. అక్కడి ప్రయాణికులే ఇక్కడి ప్రయాణికులు కూడా, రెండు విమానాశ్రయాలూ పంచుకుంటే దేనికి మిగిలేది ఎంత?

దేశం మొత్తం మీద కూడా లెక్క ఇలాగే ఉంది. కాగ్ 2023 నివేదిక ప్రకారం ఉడాన్ మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. మూడేళ్ల రాయితీ గడువు నిండా నడిచినవి 112. రాయితీ ఆగిన తర్వాత కూడా నిలబడినవి 54. ఈ రాయితీలో అయిదో వంతు రాష్ట్రమే భరించాలి. పోలీసు భద్రత, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇవ్వాలి. ఖాళీ టెర్మినల్‌కు కాపలా ఖర్చు పడేది కూడా మన నెత్తినే.

ఇక భూమి. జక్రాన్‌పల్లి మండలంలో పట్టా భూములున్నాయి, అసైన్డ్ భూములున్నాయి, బోరు మీద బతికే చేలున్నాయి. గుత్ప ఎత్తిపోతల వచ్చాక నీళ్లు చూసిన చేలు కూడా ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ ప్రకారం, ఏటా ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలి. రాష్ట్రం తన సవరణతో కొన్ని ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి తప్పించే వెసులుబాటు కల్పించుకుంది. జక్రాన్‌పల్లి విషయంలో ఆ వెసులుబాటు వాడుకోబోమని ప్రభుత్వం ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. అసైన్డ్ రైతుకు పరిహారం తగ్గించే ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 2004లోనే మేకల పాండు కేసులో తేల్చి చెప్పింది.

ఎన్ని ఎకరాలు అన్న దగ్గరా జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లోని భోగాపురంలో మొదట 15 వేల ఎకరాల మాట వినిపించింది. రైతులు ఎదురు తిరిగారు, కోర్టుకెళ్లారు. చివరికి విమానాశ్రయం 2,200 ఎకరాల్లో కుదురుకుంది. శంకుస్థాపన మాత్రం 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి రెండుసార్లు చేశారు. ఏటీఆర్ దిగడానికి 1,400 మీటర్ల రన్‌వే దాదాపు సరిపోతుంది. ఎయిర్‌బస్ తరహా విమానానికి రెండు కిలోమీటర్లు దాటాలి. ఏ విమానం కోసం కడుతున్నారో తేలకుండా ఎకరాల లెక్క చెప్పడం రైతును భయపెట్టడమే.

కంచె బయట ఉన్నవాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రన్‌వే వచ్చిందంటే చుట్టూ ఎంత ఎత్తున కట్టుకోవచ్చో 2015 నిబంధనలు నిర్ణయిస్తాయి. దగ్గర్లో నాలుగంతస్తుల ఇల్లు, సెల్ టవర్, రైస్ మిల్లు చిమ్నీ దేనికైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి పత్రం కావాలి. పది కిలోమీటర్ల లోపు బహిరంగంగా పశువులను కోయడం, చెత్త పోయడం నిషేధం. పక్షులు వాలితే విమానానికి ప్రమాదం కాబట్టి అది సరైన నిబంధనే. కానీ జక్రాన్‌పల్లికి పది కిలోమీటర్లంటే డిచ్‌పల్లి వైపూ ఆర్మూర్ వైపూ ఎన్ని ఊళ్లు, ఎన్ని చెత్త యార్డులు వస్తాయో చూడండి. ఆర్మూర్ గుట్టల ఎత్తు విమానం దిగే దారికి ఎంత అడ్డో, ఏడాదిలో గాలి ఎటువైపు వీస్తుందో, అందులో 95 శాతం కాలం రన్‌వే వాడుకోగలమో లేదో ఆ అధ్యయనంలో తేలి ఉండాలి. ఇవన్నీ రైతుకు అర్థంకాని విషయాలు కావు. మొగులు చూసి వాన చెప్పేవాడికి గాలివాటం అర్థం కాదా?

2008 గ్రీన్‌ఫీల్డ్ విధానం ప్రకారం దారి సూటిగానే ఉంది. ముందు స్థల అనుమతి, తర్వాత సూత్రప్రాయ ఆమోదం, చివర పౌర విమానయాన డైరెక్టరేట్ లైసెన్సు. స్థల అనుమతి రాకముందే భూమి మీద చెయ్యి వేయడం క్రమం తప్పిన పని. విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్ముకునేవాళ్లకు తప్ప ఈ అనిశ్చితి ఎవరికీ మేలు చేయదు. కూతురి పెళ్లికి రెండెకరాలు అమ్ముకోవాలా వద్దా, కొత్త బోరు వేయాలా మానాలా అని ఏళ్ల తరబడి ఆగిపోయిన రైతుకు ఎవరు జవాబు చెబుతారు?

ప్రభుత్వం ఈ ఏడాది లోపు రెండింట్లో ఒకటి తేల్చాలి. నివేదిక బలంగా ఉంటే దాన్ని ప్రచురించి, గ్రామసభ పెట్టి, స్థల అనుమతికి దరఖాస్తు చేయాలి. లేకుంటే జక్రాన్‌పల్లి ప్రతిపాదనను విరమించుకున్నామని శాసనసభలో చెప్పి ఆ రైతులను వాళ్ల భూమి వాళ్లు దున్నుకోనివ్వాలి. ఈలోగా ముద్ఖేడ్–మేడ్చల్ రైల్వే రెండో లైను పనులకు గడువు పెట్టండి, శక్కర్‌నగర్ గేటు తెరవండి. జిల్లా ఎంపీ, ఎమ్మెల్యేలు ఏ పార్టీవారైనా సరే, వచ్చే సమావేశాల్లో ఆ నివేదిక కాపీని సభ ముందు పెట్టమని అడగాలి. అడగనివారిని వచ్చే ఎన్నికల్లో విమానాశ్రయం మాట ఎత్తనివ్వకండి.