నడుముకు పిస్తోలు, చేతిలో గ్లాసు

విశాఖ ఉక్కు కర్మాగారం దగ్గర, రేవు గేట్ల దగ్గర కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవాన్లను మనం రోజూ చూస్తుంటాం. వారి చేతిలోని తుపాకి వారి సొంతం కాదు. డ్యూటీ ఎక్కేటప్పుడు లెక్క రాసి తీసుకుంటారు, దిగేటప్పుడు లెక్క చూపి అప్పగిస్తారు. డ్యూటీలో తాగితే శిక్ష తప్పదు. లైసెన్సు పొందిన పౌరుడి సంగతి వేరు. పిస్తోలు అతనిదే. చొక్కా కింద నడుముకు దోపుకొని విందుకు వెళతాడు, గ్లాసు అందిస్తే పుచ్చుకుంటాడు. అదేమిటని అడిగే నాథుడు ఉండడు.

స్కూటరు నడిపేవాని రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల మద్యం మించితే నేరం. మొదటిసారికే 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఇలాంటి కొలత లేదు. లైసెన్సు కోరేవాడు మత్తుకు బానిస కాడని డాక్టరు సర్టిఫికెట్ తేవాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కాని డాక్టరు పగటిపూట పరీక్షించిన మనిషి వేరు, రాత్రి పదకొండింటికి నాలుగో గ్లాసు ముగించిన మనిషి వేరు. వేడుకల్లో కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేవారికి 2019 సవరణ 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. అది గుండు పేలిన తరువాతి మాట.

1999 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక విందులో మద్యం పోయడానికి నిరాకరించినందుకు జెస్సికా లాల్ అనే యువతిని కాల్చి చంపారు. హంతకునికి పిస్తోలు లైసెన్సు ఉంది. 2006లో హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2020 డిసెంబరులో మన ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదాలో లైసెన్సు రివాల్వర్ పేలి, గాయపడినవారిలో ఒకరు ప్రాణాలు విడిచారు. ఒక్క కోపమే ఇంతటి పని చేయించగలదు. దానికి షరాబ్ తోడైతే?

"నేను తాగినా నిగ్రహం తప్పను" అనేవారున్నారు. అటువంటివారు హజ్రత్ హంజా (రజి) ఉదంతం గుర్తు చేసుకోవాలి. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. మద్యం ఇంకా నిషేధం కాని రోజులు. హజ్రత్ అలీ (రజి) తన వలీమా ఖర్చుకోసం సుగంధపు గడ్డి తెచ్చి అమ్ముకోవాలని రెండు ఒంటెలను సిద్ధం చేసుకున్నారు. పక్క ఇంట్లో తాగుతున్న హంజా, పాటగత్తె ఉసికొల్పగా కత్తి దూసి వాటి మూపురాలు నరికేశారు. మందలించడానికి వచ్చిన దైవప్రవక్త (స)ను కూడా ఎర్రబడిన కళ్లతో చూసి అనరాని మాట అన్నారు. ఇతను మత్తులో ఉన్నాడని గ్రహించి ప్రవక్త (స) వెనుదిరిగారు. హంజా (రజి) దుర్మార్గులా? ఉహుద్‌లో షహీద్ అయిన మహావీరులు. కత్తి అదే, చెయ్యి అదే, ఆ కాసేపు మనిషి మాత్రం ఆయన కాదు.

షరాబ్ హరామ్ గనుక ఈ చర్చ మనకెందుకని కొందరు అంటారు. తాగేవారు మనలో లేరా? తాగనివాడు కూడా అదే షాదీఖానాలో, అదే విందులో గుండుకు ఎదురుగా కూర్చుంటాడు. పైగా ఒక్కసారిగా మానని సమాజానికి ఖుర్ఆన్ మొదట మత్తులో నమాజ్ దగ్గరికి రావద్దని ఆదేశించింది, పూర్తి నిషేధం ఆ తరువాత వచ్చింది. తాగేవాడి నుంచి ముందు పిస్తోలును దూరం చేయాలనడం షరాబ్‌కు ఫత్వా ఇవ్వడం కాదు.

మనవాళ్లు ఎందరో ఉంటున్న అమెరికాలో, తుపాకులకు అంత స్వేచ్ఛ ఉన్నచోట, ఒహాయో రాష్ట్రం 2011లో లైసెన్సుదారులను బారులోకి అనుమతిస్తూనే చుక్క కూడా తాగరాదని షరతు పెట్టింది. మనకు ఆ పాటి షరతైనా వద్దా? ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్లలో జమ చేయించుకుంటారు. ఎన్నికలు అయిదేళ్లకోసారి, విందులు వారం వారం! విశాఖ నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరే. మద్యం పుచ్చుకున్నవాడు ఆయుధం ధరించరాదన్న షరతును ప్రభుత్వం నిబంధనల్లో చేర్చాలి. వాహనదారులను ఆపి పరీక్షించే యంత్రంతోనే తుపాకి ఉన్నవాణ్ణీ పరీక్షించవచ్చు. తాగి ఇంట్లో పిస్తోలు తీసే మనిషిపై భార్య ఫిర్యాదు చేస్తే, ఆ రాత్రే ఆయుధాన్ని స్టేషన్‌కు చేర్చే ఏర్పాటు కూడా ఉండాలి.