రోగం లేదని తేల్చే చోటు

ఏటా ఏప్రిల్ చివరి శనివారాన ప్రపంచ పశువైద్య దినోత్సవం జరుపుకొంటున్నాం. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో ఉచిత శిబిరాలు పెడతారు, కుక్కలకు రేబిస్ టీకాలు వేస్తారు, డాక్టర్లకు సన్మానాలు చేస్తారు. అవన్నీ జరగవలసినవే. అయితే ఆసుపత్రి వెనక రైతు ఎన్నడూ గడప తొక్కని ఒక గది ఉంటుంది. అక్కడికి పశువు రాదు. దాని నెత్తురు చుక్కో, పేడో, ముక్కు స్రావమో సీసాలో వస్తుంది. ఏ టీకా వేయాలి, ఏ సంత మూయాలి, ఏ షెడ్డులోని కోళ్లను పూడ్చాలి అన్నవి ఆ గదిలో తేలిన మాట మీదే ఆధారపడతాయి. ఆ గదే పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల. రోగం వచ్చినప్పుడు దాని పేరు చెప్పడం ప్రయోగశాల పని అని అందరికీ తెలుసు. రోగం లేనప్పుడు లేదని రుజువు చేయడం అంతకంటే పెద్ద పని. ఆ రెండో పనికి దక్కవలసిన గుర్తింపు, దక్కవలసిన డబ్బు ఇప్పటికీ దక్కడం లేదు.

మొదటి పని ఎంత విలువైనదో తెలియడానికి దొమ్మరోగం (ఆంథ్రాక్స్) ఒక్కటి చాలు. సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడి ఉంటుంది. ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటుంది. పాము కరిచిందని ఒకరంటారు, విషపు ఆకు మేసిందని మరొకరంటారు. నష్టం కొంతైనా పూడుతుందని చర్మం ఒలిచి మాంసం పంచుకునేవారూ ఉంటారు. అనుభవమున్న పశువైద్యుడు మాత్రం అక్కడ కత్తి తీయడు. చెవి సిరను గుచ్చి ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద పల్చగా రాసి, ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతాడు. దానికి మిథిలీన్ బ్లూ రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే చివరలు కోసినట్టుండే నీలి కడ్డీలు వరుసగా కనిపిస్తాయి, వాటి చుట్టూ గులాబీ రంగు పొర ఉంటుంది. స్కాట్లాండ్‌కు చెందిన పశువైద్య శాస్త్రవేత్త జాన్ మెక్‌ఫాడియన్ 1903లో వివరించిన పరీక్ష ఇది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కానీ ఆ గులాబీ పొర కనిపించిందంటే ఊళ్లో చేయవలసిన పనులన్నీ మారిపోతాయి. కళేబరాన్ని కోయకూడదు. కోస్తే గాలి తగిలి క్రిమి సిద్ధబీజాలుగా మారుతుంది, అవి నేలలో దశాబ్దాల తరబడి బతుకుతాయి. లోతుగా పూడ్చి సున్నం చల్లాలి, మిగిలిన మందకు టీకా వేయాలి, మాంసం తాకిన వారి చేతుల మీద పుండ్లున్నాయేమో చూడాలి. చచ్చిన పశువుల మాంసం వల్ల విశాఖ మన్యంలో మనుషులకు ఆంథ్రాక్స్ సోకిన ఉదంతాలు మనం చూశాం. ఒక గాజు పలక సకాలంలో చేరితే ఒక తండా మొత్తం ఆ ముప్పు నుంచి బయటపడుతుంది.

రెండో పని విలువ తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. మన దేశంలో పశురోగాల పరిశోధనకు 1889లో పుణేలో ఇంపీరియల్ బ్యాక్టీరియలాజికల్ లేబొరేటరీ ఏర్పాటైంది. ప్రమాదకరమైన క్రిములతో పని కాబట్టి జనావాసాలకు దూరంగా, చల్లని చోట ఉండాలని 1893లో దాన్ని కుమావు కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే. ఆ కొండ మీది శాస్త్రవేత్తలకు ప్రధాన శత్రువు రిండర్‌పెస్ట్. ఆవుకో గేదెకో తీవ్రమైన జ్వరం, నోటి నిండా పుండ్లు, ఆగని విరేచనాలు, వారం పది రోజుల్లో మరణం. ఎద్దు పోతే అరక ఆగిపోయేది, అరక ఆగితే ఆ ఏడు ఇంటికి గింజ రాదు. పశువుల రోగం అలా మనుషుల ఆకలిగా మారేది.

ఆ రోగానికి సరిహద్దులు లేవు. 1920లో భారత్ నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళ్తున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు ఆ దేశంలోకి రిండర్‌పెస్ట్ పాకింది. యూరప్ ఉలిక్కిపడింది. ఆ భయం నుంచే 1924లో 28 దేశాలు పారిస్‌లో ఒప్పందం చేసుకుని నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు పునాది వేశాయి. ఏ దేశంలో ఏ రోగం ఉందో దాచకుండా చెప్పుకోవాలన్నదే ఆ ఒప్పందం సారాంశం. ఇటు మన వైపు, మద్రాసు ప్రెసిడెన్సీ అవసరాల కోసం 1932లో రాణిపేటలో పశురోగ నివారణ సంస్థ వెలిసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో రిండర్‌పెస్ట్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. కోట్లాది పశువులకు టీకాలు వేశారు. రోగం బాగా తగ్గింది, కానీ పోలేదు. ఒకచోట అణిగితే మరోచోట లేచేది. 1992లో మొదలైన కొత్త జాతీయ ప్రాజెక్టు దారి మార్చింది. టీకాల సంఖ్య పెంచడంతో పాటు రోగం ఎక్కడ దాక్కుందో వెతకడం మీద దృష్టి పెట్టింది. వెతికే బాధ్యత ప్రయోగశాలల మీద పడింది.

ఆ వెతుకులాటలో ఒక చిక్కు ఉంది. దక్షిణాదిలో గొర్రెలు, మేకలు జ్వరంతో, విరేచనాలతో చనిపోతే అంతకుముందు రిండర్‌పెస్ట్ అనే రాసుకునేవారు. 1987లో తమిళనాడులోని అరసూరులో గొర్రెలకు వచ్చిన రోగాన్ని పరీక్షిస్తే అది రిండర్‌పెస్ట్ కాదని, అదే కుటుంబానికి చెందిన మరో వైరస్ తెచ్చే పీపీఆర్ అని తేలింది. మన కాపరులు పారుడు రోగం అనేది దీన్నే. పైకి చూస్తే రెంటికీ తేడా తెలియదు. తేడా చెప్పే పరీక్షలు ప్రయోగశాలల చేతికి రాకపోతే మేక పారినప్పుడల్లా రిండర్‌పెస్ట్ ఇంకా ఉందనే అనుమానం మిగిలిపోయేది, నిర్మూలన ఎప్పటికీ పూర్తయ్యేది కాదు.

చివరి మెట్టు మరీ కఠినమైనది. టీకా వేసిన పశువు రక్తంలోనూ, రోగం వచ్చి తగ్గిన పశువు రక్తంలోనూ ఒకే రకం యాంటీబాడీలు కనిపిస్తాయి. టీకాలు వేస్తూ పోతే వైరస్ ఉందో లేదో ఎన్నటికీ తేలదు. అందుకే టీకాలు ఆపాలి. వైరస్ నిజంగా పోకపోతే టీకా లేని దూడలన్నీ దానికి ఆహుతవుతాయి. అంత ప్రమాదం ఉందని తెలిసీ ఆపారు. ఆ తర్వాత పుట్టిన పశువుల రక్తాన్ని పల్లె పల్లెనా తిరిగి తీశారు. సీరం వేరు చేసి, గొట్టాలకు చీటీలు అంటించి, ఐస్ పెట్టెల్లో ప్రయోగశాలలకు పంపారు. ఒక్కో గొట్టాన్నీ పరీక్షించి లేదు అని రాశారు. దేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. 1998లో భారత్ తనకు తాను తాత్కాలికంగా రిండర్‌పెస్ట్ రహితమని ప్రకటించుకుంది. 2004లో వ్యాధి లేదని, 2006లో వైరస్ జాడే లేదని ప్రపంచ సంస్థ ధ్రువీకరించింది. 2011లో భూగోళమంతా ఆ రోగం నుంచి విముక్తమైందని ప్రకటించారు. మానవజాతి పూర్తిగా తుడిచిపెట్టిన వ్యాధులు రెండే: మనుషుల్లో మశూచి, పశువుల్లో రిండర్‌పెస్ట్.

ఆ విజయంలో టీకా కనిపెట్టిన శాస్త్రవేత్తల పేర్లు చరిత్రకెక్కాయి, ఎక్కవలసినవే. కానీ విజయాన్ని రుజువు చేసినవి ఏళ్ల తరబడి వచ్చిన లేదు అనే ఫలితాలు. వాటిని రాసిన టెక్నీషియన్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఏమీ దొరకని వెతుకులాటను వృథా ఖర్చుగా లెక్కగట్టి ఉంటే మనకు 2006 వచ్చేదే కాదు.

ఆ పాఠం ఇవాళ మనకు అత్యవసరం. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే గొర్రెలు ఎక్కువున్నది తెలంగాణలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. రిండర్‌పెస్ట్ దారిలోనే పీపీఆర్‌ను 2030 నాటికి భూమి మీద లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. మేత కోసం జిల్లాలు దాటి వలస పోయే మన మందల్లో వైరస్ లేదని రుజువు కానంత వరకు ఆ లక్ష్యం నెరవేరదు.

గాలికుంటు సంగతీ అంతే. గేదె నోటి నుంచి చొంగ తీగలు సాగుతూ, గిట్టల మధ్య పుండ్లతో కుంటడం మొదలైతే రైతుకు రోగం పేరు చెప్పే పని ఎవరికీ ఉండదు, అతనికే తెలుసు. అతనికి తెలియనిది ఆ వైరస్ ఏ రకమన్నది. మన దేశంలో ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాలు తిరుగుతున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ మరో రకం నుంచి కాపాడదు. నాలుక మీది పొక్కు తోలు ముక్క ప్రయోగశాలకు చేరితేనే ఊళ్లో తిరుగుతున్న వైరస్‌కూ టీకాలో ఉన్న వైరస్‌కూ పొంతన ఉందో లేదో తెలుస్తుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద పశువులకు ఏటా రెండు విడతలు గాలికుంటు టీకాలు వేస్తున్నాం. ఎన్ని డోసులు వేశామన్నది రిజిస్టర్ చెబుతుంది. పశువుకు రక్షణ వచ్చిందా లేదా అన్నది దాని రక్తమే చెప్పాలి. దారిలో చల్లదనం కోల్పోయిన టీకా కూడా రిజిస్టర్‌లో డోసు కిందే జమవుతుంది. టీకాకు ముందు, తర్వాత సీరం తీసి పరీక్షిస్తేనే లోపం బయటపడుతుంది. ఇప్పుడు మరో సౌలభ్యం ఉంది. శుద్ధి చేసిన గాలికుంటు టీకా వేసిన పశువునూ నిజంగా వైరస్ సోకిన పశువునూ వేరు చేసి చెప్పే పరీక్షలు వచ్చాయి. టీకాలు ఆపకుండానే వైరస్‌ను వెతకవచ్చు. రిండర్‌పెస్ట్ కాలంలో లేని ఈ వసతిని పూర్తిగా వాడుకోకపోతే ఆ తప్పు మనదే.

మనుషుల ప్రాణాలూ ఈ గదితో ముడిపడి ఉన్నాయి. 1998లో మలేషియాలో పందుల పెంపకందారులకు మెదడువాపు మొదలైంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, ఆ టీకాలే వేశారు. పందులను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం ఆగలేదు, మరణాలూ ఆగలేదు. 1999 మార్చిలో ప్రయోగశాలలో కొత్త వైరస్ దొరికాకే దారి తెలిసింది. అదే నిఫా. అప్పటికి ఆలస్యమైంది. వంద మందికి పైగా చనిపోయారు, పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. రోగం పేరు తప్పుగా రాసుకున్న కాలానికి ఆ దేశం కట్టిన మూల్యం అది.

మన గడప దాకా వచ్చిన ఉదాహరణ 2025 ఫిబ్రవరిది. గోదావరి జిల్లాల్లో కోళ్లు వేల సంఖ్యలో చనిపోతుంటే నమూనాలు భోపాల్‌లోని జాతీయ హైసెక్యూరిటీ పశువ్యాధుల సంస్థకు వెళ్లాయి. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు నమూనాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ మాట వచ్చాకే కిలోమీటరు పరిధిలో కోళ్లను పూడ్చడం, 10 కిలోమీటర్ల పరిధిలో నిఘా పెట్టడం మొదలవుతాయి. తర్వాతి నెలలో పల్నాడులో ఒక పసిపాపను ఆ వైరస్ బలి తీసుకుంది. తుది నిర్ధారణకు అత్యున్నత భద్రత గల ప్రయోగశాల కావలసిందే, దాన్ని జిల్లాకొకటి కట్టలేం. కానీ అనుమానం వచ్చిన రోజే నమూనా సరిగా తీసి, చల్లదనం పోకుండా పంపే వ్యవస్థ, ప్రాథమిక పరీక్ష చేసే సత్తా జిల్లా స్థాయిలో ఉండి తీరాలి. జవాబు కోసం ఎదురుచూసే ప్రతి రోజూ ఆ షెడ్డు నుంచి మేత బస్తాలు, గుడ్ల అట్టలు, మనుషుల కాళ్లు బయటికి వెళ్తూనే ఉంటాయి.

అందుకే ఈ దినోత్సవం నాడు ప్రభుత్వాల ముందు కొన్ని కోరికలు పెడుతున్నాం. జిల్లా ప్రయోగశాలల్లో మైక్రోబయాలజీ, పాథాలజీ చదివిన పశువైద్యులను నియమించి, కొన్నేళ్లు అక్కడే ఉంచండి. నైపుణ్యం చేతికొచ్చే వేళకు బదిలీ చేస్తే యంత్రాలు మిగులుతాయి, విద్య పోతుంది. రసాయనాలు, కిట్లు గడువు తీరకముందే అందేలా ఏటా నిధులు కేటాయించండి. రోగం లేని కాలంలో చేసే నిఘా పరీక్షలకు విడిగా పద్దు పెట్టండి, పాజిటివ్‌ల సంఖ్య తక్కువగా ఉందని ఆ పద్దు కోయకండి. పశువుల ప్రయోగశాలలో తేలిన ఫలితం అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ తెలియాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఫలితం రైతుకు తిరిగి చేరాలి. రక్తం తీసుకెళ్లి మళ్లీ మాట చెప్పని వ్యవస్థకు రెండోసారి ఎవరూ పశువును పట్టి ఇవ్వరు. రోగం సంగతి చెప్పినందుకు కోళ్లు పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఆలస్యమైతే, పక్క ఊరి రైతు రోగాన్ని దాచిపెడతాడు. నిఘాకు అంతకు మించిన దెబ్బ లేదు.

రైతులకు, కాపరులకు ఒక విన్నపం. మందలో ఉన్నట్టుండి జీవాలు చనిపోతే కోయకండి, అమ్మకండి, కాలువలో పడేయకండి. 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు చెప్పండి. అంటురోగాన్ని అనుమానిస్తే అధికారులకు తెలపడం 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం యజమాని బాధ్యత. అంతా బాగున్నప్పుడు మీ గేదె రక్తం తీస్తామని సిబ్బంది వస్తే, జబ్బు లేని దానికి సూదెందుకని వెనక్కి పంపకండి. రిండర్‌పెస్ట్ పోయిందని ఈ దేశం ప్రపంచానికి రుజువు చేయగలిగింది, ఆరోగ్యంగా ఉన్న పశువులను అలా పట్టి ఇచ్చిన రైతుల వల్లే.