ఒకటో నంబరు చొక్కా

ఏటా మార్చి నెల వచ్చిందంటే మా కాలేజీలో నాకొక చిక్కు వచ్చిపడుతుంది. ఉత్తమ విద్యార్థిని ఎన్నుకునే సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. తెలుగు చెప్పుకునేవాడికి తీరిక ఎక్కువని ప్రిన్సిపాలుగారి నమ్మకం కాబోలు, జాబితా తయారుచేసే పని కూడా నాకే అప్పగిస్తారు. ఈ ఏడు తొమ్మిది పేర్లు వచ్చాయి. కప్పు మాత్రం ఒక్కటే. ఆ కాగితం ముందు పెట్టుకొని మూడు రాత్రులు కూర్చున్నాను.

"ఒక్కరికిచ్చి ఎనిమిది మందిని చిన్నబుచ్చే బదులు ఆ కప్పేదో అమ్మేసి తొమ్మిది మందికీ కాఫీ, ఇడ్లీ ఇప్పించకూడదూ?" అన్నది మా శ్రీమతి.

మా అబ్బాయి పుస్తకంలోంచి తలెత్తాడు. "తొమ్మిది మందికే ఇలా అయిపోతే ఎలా నాన్నా? ఇండియానాలో రాష్ట్రం మొత్తంమీద ఉన్న హైస్కూలు పిల్లల్లో ఒక్కణ్ణి ఏరతారు తెలుసా?" అన్నాడు. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి. నాకా, ఆ ఆటలో బంతిని బుట్టలో వెయ్యాలన్నంత వరకే తెలుసు. వాడి మాట పట్టుకొని నాలుగు పుస్తకాలు తిరగవేశాను. చదివినకొద్దీ ఆట సంగతి వెనకబడి మనుషుల సంగతి ముందుకొచ్చింది.

అమెరికాలో ఇండియానా అంటే మొక్కజొన్న చేల రాష్ట్రం. అక్కడ హైస్కూలు పిల్లల బాస్కెట్‌బాల్ అంటే జనానికి ప్రాణం. 1990లో రాష్ట్ర ఫైనల్ ఆట చూడటానికి 41,046 మంది వచ్చారట. ఆడేది పదిహేడూ పద్ధెనిమిదేళ్ల పిల్లలు సుమా!

ఆ రాష్ట్రంలో 1939 నుంచీ ఒక బిరుదు ఇస్తున్నారు. హైస్కూలు చివరి ఏడు చదివే ఆటగాళ్లలో అందరికన్న మేటి ఎవరో తేల్చి, "మిస్టర్ బాస్కెట్‌బాల్" అంటారు. ఆ బిరుదు పొందినవాడు, ఎండకాలంలో పొరుగు రాష్ట్రమైన కెంటకీ జట్టుతో జరిగే ఆటలో ఒకటో నంబరు చొక్కా తొడుక్కుంటాడు. రాష్ట్రంలో ప్రతి పల్లెలోనూ బంతి పట్టిన పిల్లవాడు కలలుగనేది ఆ చొక్కా కోసమే.

మొట్టమొదటిసారి, అంటే 1939లో, ఆ బిరుదు పొందినవాడు ఫ్రాంక్‌లిన్ అనే ఊరి కుర్రవాడు జార్జి క్రో. ఆ ఏడు ఫైనల్‌లో అతని జట్టు గెలిచిందా అంటే లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ జట్టు చేతిలో ఓడిపోయింది. ఓడిన జట్టులో ఉన్నా వాడే మేటి అని ఒప్పుకున్నారు. పైగా అతను నల్లజాతివాడు. ఆ రోజుల్లో, ఆ దేశంలో! ఇది చదివి "శభాష్" అనుకున్నాను. కాని తొందరపడ్డానని రెండు పేజీలు తిప్పేసరికి తెలిసింది.

అదే రాష్ట్రానికి రాజధాని ఇండియానాపొలిస్. అక్కడ 1927లో నల్లజాతి పిల్లలకని వేరే ఒక హైస్కూలు పెట్టారు. పేరు క్రిస్పస్ ఆటక్స్. పిల్లలు తమంతట తాము కోరి వెళ్లిన బడి కాదది. అందరితో కలవనివ్వకుండా వాళ్లను అక్కడికి తోశారు. సరే, బడి పెట్టారు గదా, పోటీల్లోనైనా ఆడనిచ్చారా? "మీది అందరికీ తెరిచిన బడి కాదు. అందుచేత రాష్ట్రపు పోటీలో మీకు చోటు లేదు" అన్నారు క్రీడా సంఘంవారు! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న మన సామెత ఇలాంటి చోటనే పుట్టివుంటుంది. 1942 దాకా ఇదే వరస.

1947లో ఆ ఒకటో నంబరు చొక్కా షెల్బీవిల్ కుర్రవాడు బిల్ గారెట్‌కు దక్కింది. ఈసారి అతని జట్టే రాష్ట్రంలో గెలిచింది. రాష్ట్రంలోకెల్లా మేటి అని బిరుదిచ్చారు, ఇక సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయం వాళ్లు మేళతాళాలతో వచ్చి తీసుకుపోవాలి గదా? ఎవరూ రాలేదు. అప్పట్లో ఆ ప్రాంతపు పెద్ద విశ్వవిద్యాలయాల నడుమ కాగితంమీద లేని ఒడంబడిక ఒకటి ఉండేది. నల్లజాతివాణ్ణి బాస్కెట్‌బాల్ జట్టులో చేర్చుకోకూడదని. గారెట్ కూడా నల్లజాతివాడే. చివరికి ఇండియానాపొలిస్‌లోని నల్లజాతి పెద్దలు విశ్వవిద్యాలయం అధ్యక్షుడు హెర్మన్ వెల్స్‌ను కలిసి మాట్లాడితేగాని ఆ తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఆ కుర్రవాడు నోటితో ఏమీ వాదించలేదు. ఆడాడు. 1951లో దేశంలోకెల్లా మేటి కళాశాల ఆటగాళ్ల వరసలో నిలిచాడు. ఆ తలుపు మళ్లీ మూయడం ఎవరి తరమూ కాలేదు.

1954 సంగతి కొంచెం తీపి. మిలన్ అనే చిన్న ఊరి బడిలో మొత్తం 161 మంది పిల్లలు. వాళ్లు మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని ఫైనల్‌లో 32-30 తేడాతో ఓడించారు. చివరి క్షణాల్లో బంతి బుట్టలో వేసిన బాబీ ప్లంప్‌కే ఆ ఏడు బిరుదు. 1986లో వచ్చిన "హూసియర్స్" అనే సినిమాకు ఈ కథే ఊపిరి పోసింది. అయితే ఫైనల్‌కు ముందు ఆ మిలన్ చేతిలోనే ఓడి ఇంటికి పోయిన జట్లలో క్రిస్పస్ ఆటక్స్ ఒకటి. ఆ జట్టులో బక్కపలచని కుర్రవాడు ఒకడున్నాడు. పేరు ఆస్కార్ రాబర్ట్‌సన్. చిన్నప్పుడు బంతి కొనే స్తోమతు లేక, గుడ్డపీలికలు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి, ఇంటి వెనక పండ్ల బుట్టలోకి విసురుకొని ఆట నేర్చుకున్నవాడు.

మరుసటి ఏడు, 1955లో, ఆటక్స్ గెలిచింది. ఆ పోటీలు 1911లో మొదలైనా, రాజధాని నగరంలోని బడి ఒక్కటీ అంతవరకు గెలవలేదు. తొలి గెలుపు తెచ్చిపెట్టింది ఆ వేరుపెట్టిన బడి! గెలిచినవాళ్లను నగరం నడిబొడ్డున స్మారక స్తంభం దగ్గరికి ఊరేగించి, అక్కడ సంబరం చేయడం ఆచారం. వీళ్లనూ అగ్నిమాపక దళం బండి ఎక్కించారు. స్తంభం చుట్టూ ఒకసారి తిప్పారు. అక్కడ ఆపకుండా నేరుగా నల్లజాతివారు ఉండే పేటలోని పార్కుకు తోలుకుపోయారు. మీ సంబరం మీ పేటలోనే చేసుకోండి అన్నట్టు. గెలిచిన రాత్రి ఆ పదహారేళ్ల కుర్రవాడి మనసుకు తగిలిన దెబ్బ ముసలితనంలో కూడా మానలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇంట గెలిచినా ఇంటివాళ్లే వీధిలో నిలబెడితే ఏం చేయాలో చెప్పలేదు.

1956లో ఆటక్స్ ఒక్క ఆటైనా ఓడకుండా మళ్లీ గెలిచింది. రాబర్ట్‌సన్‌కు ఒకటో నంబరు చొక్కా దక్కింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకమూ వచ్చింది. ఇంకొక ముచ్చట. 1959లో ఆటక్స్ మరోసారి గెలిచినప్పుడు ఆ పిల్లలకు ఆట నేర్పిన గురువెవరనుకున్నారు? ఆ 1947 నాటి బిల్ గారెట్!

ఇక చొక్కా దక్కనివాళ్ల మాట. 1974లో ఈ బిరుదును ఇద్దరు పంచుకున్నారు. ఆ ఏడే ఫ్రెంచ్ లిక్ అనే చిన్న ఊరి హైస్కూలు నుంచి బయటికొచ్చిన లారీ బర్డ్ అందులో లేడు. పెద్ద విశ్వవిద్యాలయంలో చేరి, నెల తిరక్కుండా ఇంటికొచ్చేసి, ఊరి చెత్త బండిమీద పనిచేశాడు. తరవాత వేరొక కాలేజీలో చేరి, దేశమంతా పేరు తెచ్చుకొని, బోస్టన్ జట్టుకు మూడుసార్లు విజయం తెచ్చిపెట్టాడు. ఓట్లు వేసినవాళ్లు తప్పు చేశారని నేననను. ఆ ఏటి మేటి ఎవరన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న. ఇరవై ఏళ్ల తరవాతి మేటిని చెప్పడానికి వాళ్లేమీ జ్యోతిష్కులు కారు. అందుచేత బహుమతి రాని పిల్లలు బెంగపడనక్కరలేదని నేను ధైర్యంగా చెప్పగలను.

నన్ను బాధపెట్టింది మరొకటి. 1927కూ 1942కూ నడుమ ఆటక్స్‌లో చదివిన పిల్లలు ఓడిపోలేదు, గెలవలేదు. అసలు పోటీలోనే లేరు. అలాగే ఆడపిల్లలకు ఇండియానాలో రాష్ట్రపు పోటీ పెట్టడమూ, "మిస్ బాస్కెట్‌బాల్" బిరుదివ్వడమూ 1976లోగాని జరగలేదు. అంటే మగపిల్లల బిరుదు పుట్టిన 37 ఏళ్లకు. ఆ ఏళ్లన్నిటా మేటిని ఎన్నినవారు బహుశా ఎంతో నిజాయితీగానే ఎన్నివుంటారు. ఎటొచ్చీ తమ ముందుకొచ్చిన పేర్లలోనే ఎన్నారు.

ఇంతవరకు చదివి, నా తొమ్మిది పేర్ల కాగితం మళ్లీ తీసి చూశాను. అందరూ మంచి పిల్లలే. ఎవరికిచ్చినా అన్యాయం కాదు. కాని తొమ్మిది మందీ హాస్టలులోనో, కాలేజీకి దగ్గరలోనో ఉండేవాళ్లే. సాయంత్రం వక్తృత్వాలూ, నాటకాలూ, ఆటలూ వాళ్లవే. పొద్దున్నే పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, నాలుగు గంటల బస్సు తప్పితే మరి బస్సులేక పరుగెత్తే పిల్లలు మా కాలేజీలో సగానికి సగం ఉన్నారు. ఆ సగంలోంచి ఒక్క పేరూ రాలేదు. వాళ్లలో మేటి లేరనా? మేమెవరమూ అడగలేదు. ఇన్నేళ్లుగా జాబితా రాస్తున్న నేనూ అడగలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మర్నాడు ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లి, వారం రోజులు గడువు కావాలన్నాను. "ఎందుకండీ, తొమ్మిది పేర్లు చాలలేదా?" అన్నారాయన. "నాలుగు గంటల బస్సువాళ్లను అడగలేదండీ" అన్నాను. ఆయన ఒక నిమిషం ఊరుకొని, "నేనూ ఆ రోజుల్లో బస్సులోనే వచ్చేవాణ్ణి" అని గడువిచ్చారు.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా శ్రీమతి అంతా విని, "అయితే కప్పు అమ్మడం లేదన్నమాట" అన్నది.