ముంగిట్లో సన్నాయి

సంక్రాంతి మూడు రోజులూ మన ఆడవాళ్లకి ఊపిరాడదు. అరిసెల పాకం, గొబ్బెమ్మలు, వచ్చేపోయే చుట్టాలు... ఆ హడావుడిలో వీధిలో సన్నాయి వినపడగానే, “గంగిరెద్దు వాళ్లొచ్చారు, ఓ పది రూపాయలిచ్చి పంపెయ్” అని వంటింట్లోంచే కేకేస్తాం. అవునా, కాదా?

నేనూ కేకేసినదాన్నే. పెళ్లయి మార్కాపురం వచ్చిన కొత్తలో, ఓ కనుమ నాడు మరిది చేత డబ్బులు పంపి నా పనిలో పడిపోయాను. సన్నాయి మాత్రం ఆగలేదు. అత్తయ్య లోపలికొచ్చి, “ఇచ్చింది నువ్వమ్మా. వాళ్లు వాయిస్తున్నది నీకోసం. నువ్విక్కడుంటే ఆ దణ్ణం ఎవరు పుచ్చుకుంటారు?” అన్నారు. పిండి చేతులతోనే బయటికొచ్చాను. డోలు మోగింది. “అమ్మగారికి దణ్ణం పెట్టు” అనగానే ఎద్దు తల వంచింది. నాకెంత సిగ్గేసిందో!

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో వచ్చింది. సన్నాయి ఆ నాదస్వరానికి చెల్లెలి వరసే. అక్కకి సభలూ బిరుదులూ ఉన్నాయి. ఈ చెల్లెల్ని నిలబెట్టేది మన గిన్నెడు బియ్యం, మనమిచ్చే పాత చీర. ఆ చీరే ఎద్దు వీపు మీద బొంతై మళ్లీ మన వీధికొస్తుంది. ‘అది మన చీరే!’ అని గుర్తుపట్టి మురిసిపోయిన వాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

మా పడమటి ప్రాంతం వాన మీద బతికేది. గిద్దలూరు, కంభం వైపు చెరువులు నిండని ఏడు వాళ్ల జోలె తేలిగ్గానే ఉంటుంది. అయినా శేరు బియ్యం పోసిన మేడ ముందూ, గుప్పెడు పోసిన పలకల ఫ్యాక్టరీ కూలీ ఇంటి ముందూ సన్నాయి ఒకేలా మోగడం నేను విన్నాను. పెట్టిన చెయ్యికి పాటతో దణ్ణం పెట్టడంలో వాళ్లు కొలతలు చూడరు. మరి మనం ఆ పాట పూర్తికాకుండానే తలుపేసుకుంటే ఎలా?

ఈ పండక్కి చిరుగుల్లేని నూలు చీర ఒకటి ఏరి ఉంచండి. సన్నాయి వినపడగానే టీవీ కట్టేసి, పిల్లల్ని గుమ్మంలోకి పిలవండి. పాట అయ్యేదాకా, పొయ్యి మీద పాకం ముదిరితే ముదిరింది, నిలబడి వినండి.

అత్తయ్య ఇప్పుడు లేరు. ఆవిడ నిలబడిన మెట్టు మీదే కనుమ నాడు నేను నిలబడుతున్నాను.