ట్యాంకు లోపల మనుషులేరీ?

రెండో ప్రపంచ యుద్ధం ట్యాంకుల మీద బొమ్మల పుస్తకం ఒకటి మా ఇంట్లో అందరం చదివాం. మావారు టైగర్ ట్యాంకు 57 టన్నులని తెలిసి నోరెళ్లబెట్టారు. మా అబ్బాయికి టీ-34 వాలు కవచం తెగ నచ్చేసింది. బొమ్మలు బాగున్నాయి, కాదనను. కానీ లోపల కూర్చున్న మనుషులేరీ?

సోవియట్ మహిళ మరియా ఓక్త్యాబర్స్కాయా భర్త యుద్ధంలో చనిపోయాడు. ఉన్న సామానంతా అమ్మి 50,000 రూబుళ్లు కట్టి, ఆ డబ్బుతో ట్యాంకు తయారు చేయించి తనచేతే నడిపించమని స్టాలిన్‌కే రాసిందావిడ. టీ-34 నడిపింది! తుపాకుల మోతలో కిందికి దిగి, తెగిన పట్టాలు బాగుచేసేది. అలా దిగినప్పుడే 1944 జనవరిలో తగిలిన గాయంతో మార్చిలో కన్నుమూసింది.

బోల్టులకి కూడా బాణం గుర్తేసి పేర్లు రాసినవాళ్లకి, టీ-34 పేజీలో ఈవిడ పేరుకి చోటు దొరకలేదా?