కాపురమున్నవారి మాట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” మని మన పెద్దలు చెప్పుదురు. కట్టుటలోని కష్టము కట్టినవారికి దెలియును. మెట్లమీది దీపము ఎన్నినాళ్లుగా వెలుగుటలేదో, ఏ తలుపు సరిగా మూతపడదో అందు కాపురముండు ఇల్లాలికే తెలియును. ఆమె మాటను పెడచెవిని బెట్టిన నేమగునో లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు లోకమునకు జూపినది.

అది స్థానిక పురపాలకులు సామాన్యుల కద్దెకిచ్చుటకై కట్టించిన 24 అంతస్తుల భవనము. 2016లో ముగిసిన మరమ్మతులలో దాని వెలుపలి గోడలకు మండు స్వభావముగల పలకలను తాపిరి. అగ్నిభయమును గూర్చి కాపురస్థులు పలుమారులు మొఱపెట్టిరి, ఆలకించినవారు లేరైరి. 2017 జూన్ 14వ తేదీ రాత్రి, నాల్గవ యంతస్తులోని యొక వంటయింటి ఫ్రిజ్జునుండి రేగిన నిప్పు ఆ పలకల నంటుకొని మీదికెగబ్రాకెను. 72 మంది మరణించిరి. ఆ మరణములన్నియు తప్పింపదగినవేయని విచారణాధ్యక్షుడు 2024లో ప్రకటించెను.

విచిత్రమేమనగా, ఆ యిండ్లను నిర్వహించిన సంస్థ పేరులోనే “అద్దెదారుల” యను మాట గలదు. పాలకవర్గమందు కాపురస్థులును ఉండిరి. పీట వేసినంతమాత్రమున వడ్డించినట్లగునా?

2023లో క్రొత్త చట్టము వచ్చినది. 2024 ఏప్రిలు నుండి ఇంగ్లండులో నిట్టి యిండ్లవారు నిర్ణయములు చేయునపుడు కాపురస్థుల అభిప్రాయములను గైకొని, వాని నెట్లు పాటించిరో చూపవలసియున్నది. ఆ రెండవ నియమమే ముఖ్యమని మా యభిప్రాయము.

అద్దెయిండ్లనుండు సోదరీమణులకు మా మనవి యొక్కటి. లోపము కనబడిన నోటితో జెప్పి యూరకుండక, ఇరుగుపొరుగులతో గూడి వ్రాసియిండు; బదులును వ్రాతమూలముగనే కోరుడు.